ఉత్తరదిబ్బ

కేజీహెచ్‌లో నైట్ డ్యూటీ దిగి
యూనిఫాం సంచిలో కుక్కి
మొదటి భీమిలి బస్సెక్కాను.
తొట్లకొండ దాటేదాకా నిద్ర.

గోస్తని సముద్రంలో కలిసేచోట
అచ్యుతాంబ గారు అప్పటికే పడవలో ఉన్నారు.
డెబ్బై ఆరేళ్లు, ఒళ్లో నోట్‌బుక్కు,
చీర కింద మగవాళ్ల బూట్లు.

ఉత్తరానికి గంట ప్రయాణం.
"అక్కడ దీవి ఉన్నట్టు మ్యాపులో లేదే" అన్నాను.
"మేపుకేటి తెలుసండి?" అన్నాడు తెడ్డు పరసయ్య.
"పోయిన తుపానుకి లేచినాది.
వచ్చే తుపానుకి ఉంటాదో, పోతాదో."
ఇంటిపేరు తెడ్డు, నడిపేది ఇంజను.
ఆ మాట తనే చెప్పి తనే నవ్వాడు.

దిబ్బంటే ఇసుక, అంతే.
తెగిన చెప్పొకటి, నైలాన్ వల ముక్క.
నీడ కావాలంటే మనదే.
అల తగ్గినప్పుడల్లా దాని వెంటపడి,
అది తిరగ్గానే వెనక్కి పరుగెత్తే ఉల్లంకులు
నాలుగు వందలో, ఐదు వందలో,
విజిటింగ్ అవర్లో గేటు దగ్గర జనంలా.

"వీటిలో ఒకటి వేరే" అన్నారావిడ.
"చూపుకి అన్నీ ఒకటే. కూతలోనే తేడా.
నువ్వు విను.
నాకు సన్నవి వినబడటం మానేసి రెండేళ్లయింది.
ఎవరికీ చెప్పకు."

విన్నాను. గాలి.
ఆగిపోయాక కూడా చెవిలో ఆగని ఇంజను.
తర్వాత
గాజు మీద గోరు గీసినట్టు...
కాదు, ఇంకా మెత్తగా...
"ఎలా ఉందే?"
"సన్నగా ఉందండీ."
"ఎంత సన్నగా?"
గుండె చప్పుడైతే చెప్పగలను.
దీనికి నా దగ్గర మాట లేదు.

పడవ కడుతున్న పరసయ్య తలెత్తలేదు.
తాడు ముడి పళ్లతో బిగించి
పెదాలు తడుపుకుని
ఆ కూతనే
రెండు మెట్లు కిందికి దించి
ఈల వేశాడు.

ఆవిడ బైనాక్యులర్స్ దించేశారు.
"మళ్లీ."
మళ్లీ వేశాడు.
మూడోసారికి ఇసుక మీంచి బదులొచ్చింది.
అది ఆవిడకి తప్ప మా ఇద్దరికీ వినబడింది.
ఆవిడ మా మొహాలు చూసి
పెన్సిల్ చెక్కుకున్నారు.

"పోటు ఎక్కేస్తంది, లెగండి."
బూట్లలో ఇసుక పడవలో దులుపుతుంటే
"దిబ్బంతా పట్టుకెళ్లిపోతన్నారేటమ్మా" అన్నాడు.

రుషికొండ దగ్గర బస్సు కుదిపింది.
నా భుజం మీద ఆవిడ నిద్ర,
ఒళ్లోంచి జారిన నోట్‌బుక్కు నా చేతిలో.

తేదీ. ఈశాన్యం గాలి.
సంఖ్య: ఒకటి.
విన్నది: పరసయ్య నోట.
పక్కనే ఒక చిన్న మాట
రాసి, అడ్డంగా కొట్టేసి ఉంది:
బహుశా.