కళాయి

షువైఖ్‌లో టైర్ల కొట్టు వెనక సందులో మా షెడ్డు.
బయట యాభై ఒకటి డిగ్రీలు.
లోపల పొయ్యి ముందర నిలబడి
ఇంకా కాగలేదప్పా, అనుకుంటా ఉంటాం.

మార్చిలో బూ ముసాయిద్ తెచ్చినాడు
తన పాత కాప్రిస్ కారుకని రెండు మ్యానిఫోల్డులు,
అంఘరా తుక్కులో పద్దెనిమిది దీనార్లకు బేరమాడి,
తువ్వాలలో చుట్టి, చంటిబిడ్డను డాక్టరుకు చూపించినట్టు.
ఒక్కోదానికి నాలుగు నోళ్లు,
నోటి నిండా మసి.
బానెట్ కింద వేడికి వైర్లు మెత్తబడిపోతున్నాయంట.
ఎండలు ముదరక ముందే పూత పడాలంట.

పోత ఇనుము గుట్టు మనిషి.
ఎంత కడిగినా కడుపులో నూనె దాచుకుంటుంది.
అందుకని మొదట ఉత్తగా కాల్చాల.
గంట దాకా ఏమీ చెప్పదు.
ఆ పైన చెమట పడుతుంది, నల్లగా, చిక్కగా.
ఎవరెవరో ఏ రోడ్ల మీదనో పోయిన పోకలన్నీ
ట్రేలోకి కారుతాయి.
మేము తుడిచి పారేస్తాం.

తర్వాత ఇసుక కొట్టుడు.
ఇసుక అంటాం గానీ, అల్యూమినా గుండ.
తుప్పు ఎగిరిపోయి ఇనుము బయటపడుతుంది
అప్పుడే గుండు కొట్టించుకున్న తల మాదిరి.

ఇంక అక్కణ్ణించి ఒట్టి చేత్తో ముట్టకూడదు.
మడి కాదు. నూనె.
వేలు తగిలిందా, పైన పూత ఎంత నున్నగా కూర్చున్నా
మూడో నెలకు సరిగ్గా ఆ వేలంత మేరనే
పొక్కు లేస్తుంది.
ఉస్తాద్ గుల్ జమాన్ నాకు చెప్పిన మొదటి మాట ఇది.
జీతం సంగతి రెండోది.

మా జేజినాయన దస్తగిరి
సంబేపల్లె సంతలో కళాయి పోసేవాడు.
నేలలో గుంత, గుంతలో బొగ్గులు, పక్కన తిత్తి.
ఇత్తడి గిన్నె కాగినాక నవసాగరం చల్లి
తెల్లటి పొగలో కాసేపు మాయమై,
తగరం ముక్క తాకించి
గుడ్డపీలికతో ఒక్క తిప్పు.
గిన్నె అడుగున ఆయన మొగం ఆయనకు కనబడేది.
అది చూసుకోడానికే ఈ పని పెట్టుకున్నాడేమో అనుకునేవాణ్ణి.
చింతపులుసుకు చిలుము పట్టకుండా ఆయన పూత.
వేడి గొట్టం దాటి బయటికి రాకుండా నాది.
ఆయనకు శేరు జొన్నలు ఇచ్చేవాళ్లు, ఆ పొద్దే.
నాకు నూటపది దీనార్లు,
పోయిన నెలవి ఇంకా రాలేదు.

గన్నులో పోసుకుని ఉల్లిపొరంత కొట్టినాను.
ఆరబెట్టి, రెండు వందల యాభైలో ఉడికించినాను.
నలుపు కాదు, వెండి కాదు,
వాన రాబోయే ముందు బండరాయి రంగు.
బూ ముసాయిద్ మాషల్లా అని తువ్వాలలో చుట్టుకుని పోయినాడు.

ఏప్రిల్‌లో నన్ను వేలిముద్రలకు పిలిచినారు.
అద్దం మీద వేలు పెట్టమన్నాడు కుర్రాడు.
పెట్టినాను. మిషను ఊరకే ఉండింది.
తుడిచి పెట్టు, నొక్కి పెట్టు, ఇంకో వేలు,
ఆ చెయ్యి కాదు, ఈ చెయ్యి.
నా వెనక లైనంతా గొణుగుతా ఉంది.
నీకు గీతల్లేవు, అన్నాడు,
చెప్పులు లేవన్నట్టు.
పదకొండేళ్లుగా గుండ కొడుతున్నా సార్ అని
నాకొచ్చిన అరబ్బీలో చెప్పినాను.
కంపెనీ కాగితం తెమ్మన్నాడు.

ఈ పొద్దు బూ ముసాయిద్ మళ్లీ వచ్చినాడు.
కోపం లేదు. ఊరికే చూపించినాడు.
మూడో నోటి పక్కన పొక్కు లేసి పూత రాలింది.
ఆ దినం గ్లవ్సు చిరిగినట్టుంది,
నేను గమనించినట్టు లేను.

ఎవరూ చూడకుండా బొటనవేలు దాని మీద పెట్టి చూసినాను.
అంచుకు అంచు సరిపోయింది.
గీతలు పోయినా నూనె ఉంటుంది కదా.

డబ్బులొద్దు బాబా, రేపు రా, అన్నాను.
మళ్లీ గుండ కొట్టాల, ఆ గుర్తు పోయేదాకా.
గుల్ జమాన్ అవతల్నుంచి అరుస్తా ఉన్నాడు
కంప్రెసర్ ఎక్కించమని.
చిరగని గ్లవ్సు ఒక జత
ఏ డ్రాయర్లో పెట్టినానో.