తూకం పుస్తకం

కారియాకూ దీవిలో రన్‌వేని అడ్డంగా కోసుకుంటూ రోడ్డు.
విమానం దిగేముందు మేకల్ని తోలడం కూడా
ఒజీలియా ఉద్యోగమే.

పడవ టికెట్టు కన్నా రెండు డాలర్లు తక్కువన్నారు.
తొమ్మిది సీట్ల విమానం ఒకటి.
రెండోది పోస్టరులోనే ఎగిరింది.

ఎక్కేవాళ్లని చేపల కాటా మీద నిలబెట్టి
కిలోలు రాసుకునేది.
పెళ్లికూతురు యాభై ఆరు, కేకు తొమ్మిది.
పాస్టరుగారు బూట్లు విప్పి మళ్లీ ఎక్కారు.
మిస్ థియోడోరా ఆసుపత్రికి పోతూ అరవై ఎనిమిది,
వస్తూ నలభై ఏడు.
ఆ పూట ఒజీలియా యాభై అని రాసింది.

పెట్రోలు బాకీతో కంపెనీ మూతపడింది.
జీతం కింద సీటొకటి ఊడదీసుకుని
పైలట్ ఫిట్జరాయ్ వరండాలో వేసుకున్నాడు.

కాటా తిరిగి రేవుకొచ్చింది.
చేపలు అమ్మేసి, ఎవరూ చూడకుండా
ఒజీలియా దానిమీద నిలబడుతుంది
ముల్లు ఊగడం ఆగేదాకా,
ఎక్కడికో బయల్దేరినట్టు.