నాలుగు పెన్సిలు గీతలు

వాల్తేరు యార్డు చివర తుమ్మపొదల్లో
ముప్ఫై ఏళ్ళుగా నిలబడిపోయిన సెలూను పెట్టె.
ఒకప్పుడు దొరల తనిఖీకి తిరిగిందట.
మేం వెళ్ళేసరికి అందులో
రెండు కుక్కలు, ఒక కందిరీగల పట్టు,
సముద్రం పంపిన తుప్పు.

రంగు గీకడం నా పని.
పైన మెరూను, దాని కింద ఆకుపచ్చ,
ఇంకా కింద ఎవరూ పేరు చెప్పలేని ఒక గోధుమ రంగు.
ఉల్లిపొరలు తీసినట్టే;
కళ్ళు ఉల్లికన్నా ఎక్కువే మండేవి.
ఆఖర్న టేకు బయటపడింది
తలంటి పోసిన ఒంటిలా.

రిటైరైన దాలయ్య మేస్త్రికి కబురంపారు.
ఉలి తియ్యకముందు ఆయన
చెక్కని వేలితో కొట్టి వింటాడు,
పుచ్చకాయ బేరం చేసినట్టు.
"ఇది బతికుంది. ఇది పోయింది.
ఇదిగో, ఇది నటిస్తంది."

దొర పడకగది, దొర స్నానాల గది,
దొర కుర్చీలో కూచుని
వెనక్కి పారే పట్టాలు చూసే అద్దాల గది,
అన్నిటికీ కాగితాల మీద కొలతలున్నాయి.
వంటవాడి గదికి లేవు.
నిలబడితే మోచేతులు రెండు గోడలకీ తగిలే గది.
దాని తలుపు చెక్క మీద,
మూడో రంగు కూడా పోయాక,
నాలుగు పెన్సిలు గీతలు.
ఒకదాని మీద ఒకటి, బెత్తెడు కూడా లేని దూరంలో.
మొదటిది నా మోకాలికి కాస్త పైన.
నాలుగోది మొలతాడు దాటి.

"గుంటడి ఎత్తు" అన్నాడు దాలయ్య.
తర్వాత చాలాసేపు ఏమీ అన్లేదు.

గుంటడో గుంటో, మనకేం తెలుసు?
పేరు లేదు, తేదీ లేదు.
దొర కంటపడకుండా బండిలోనే పెరిగిందో,
ఏడాదికోసారి అయ్యని చూపించడానికి
ప్లాట్‌ఫారం మీంచి ఎత్తి అందించారో.
అయిదో గీత ఎందుకు లేదని
నేనడగలేదు. దాలయ్యా అడగలేదు.

ఇంజినీరు గారు గరుకు కాగితం పట్టమన్నారు.
"మరకలుండకూడదు, రిబ్బను కోసే రోజు దగ్గరకొచ్చింది."
"సరేనండి" అన్నాడు దాలయ్య.
ఆ రాత్రి గీతల మీద
నీళ్ళలాంటి వార్నిషు మూడు పూతలేసి,
ఆరేదాకా
బీడీ కూడా వెలిగించకుండా కాపలా కూర్చున్నాడు.
పొద్దున్నే ఇంజినీరు గారు వేలితో రుద్ది
"పోలేదే?" అన్నారు.
"పోదండి. అది సెక్కలోదే."

ఇప్పుడది ఆదివారాలు అరకు వెళుతోంది.
ఈ పెట్టె పుట్టేనాటికి
ఆ కొండలకింకా సొరంగాలు తవ్వలేదు.
శివలింగపురం దాటాక చీకటి మింగినప్పుడల్లా
ముసలి చెక్క కిర్రుమంటుంది.
టిక్కెట్టు కొన్నవాళ్ళు కేకలేస్తారు, ఫోన్లు వెలిగిస్తారు.
వంటగదిలో ఇప్పుడు నీళ్ళ సీసాల అట్టపెట్టెలు.

దాలయ్య ఎక్కలేదు.
"కొండెక్కితే సెవులు మూసుకుపోతాయిరా" అన్నాడు.
పెట్టెకి తోడుగా నన్నే పంపారు.

బొర్రా దాటి ఓ పొడుగాటి సొరంగంలో
సీసాలు తెచ్చే వంకతో లోపలికెళ్ళి
చీకట్లో వేళ్ళతో వెతికాను.
నున్నటి వార్నిషు. ఏమీ తగల్లేదు.
కరకవలస వెలుతురు కిటికీలోంచి పడ్డాక
చూస్తే నా చెయ్యి సరిగ్గా వాటి మీదే ఉంది.
అన్నాళ్ళూ గమనించనిది
అప్పుడు కనబడింది:
మూడు గీతలూ తిన్నగా ఉన్నాయి,
నాలుగోదే వంకర.

పిల్ల మునివేళ్ళ మీద లేచిందో,
గీసేవాడికి నవ్వొచ్చిందో,
బండి కుదిపిందో.