సరిపోని మర

లియెక్సా ఊరి చివర నా లేత్ షెడ్డు.
సెప్టెంబరు. అడవిపళ్ల మరకలు ఇంకా వదలని వేళ్లతో
తాహ్వో వచ్చి బల్లమీద రెండు వస్తువులు పెట్టాడు:
బోల్టు ఊడదీసిన తుపాకి,
ఊలు మేజోడులో చుట్టిన సప్రెసర్.
మూడోది గుమ్మం దగ్గరే ఆగిపోయింది.
హల్లా. బూడిదరంగు ఆడకుక్క.
కోత నూనె వాసన దానికి గిట్టదు.

"దీన్ని దానికి బిగించు" అన్నాడు,
సంబంధం ఖాయమైపోయినట్టు.

సప్రెసర్ ఇల్మోది.
ముప్ఫై శరత్తులు ఒకే గుంపులో
ఎల్కుల వెంట తిరిగారిద్దరూ.
మార్చిలో మంచు తవ్వుతూ ఇల్మో కూలబడిపోతే
సైమి దీన్ని మేజోడుతో సహా ఇచ్చిందట.

నేను కాలిపర్ తీశాను.
దానికి మొహమాటం ఉండదు.

గొట్టం మూతి, పదహారుకి వెంట్రుకవాసి తక్కువ.
సప్రెసర్ మర, పదిహేను.
మరకీ మరకీ ఎడం ఒక మిల్లీమీటరు.

"పదిహేను కోస్తే నీ గొట్టానికి
అర మిల్లీమీటరు భుజం కూడా మిగలదు.
మర పట్టుకుంటుందంతే తాహ్వో,
నిటారుగా నిలబెట్టేది భుజం.
అది చాలకపోతే ఇది రవ్వంత వాలుతుంది.
ఆ రవ్వంత చాలు,
తూటా లోపలి బిళ్లల్ని రాసుకోడానికి."

"మధ్యలో అడాప్టర్?"

"మధ్యవర్తి వస్తే
వాడి వంకర కూడా కలుస్తుంది."

కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు చాలాసేపు.
"గొట్టం వెనక్కి పోయేకొద్దీ లావు కదా.
ఎంత కోసేస్తే పదిహేను పడుతుంది?"

"బెత్తెడు."

"కోసెయ్యి."

ముప్ఫై ఏళ్ల తుపాకిలో బెత్తెడు ఉక్కు
అంత సులువుగా వదులుకున్నాడు.
నేనూ ఒప్పుకున్నాను. సుద్దతో గీత కూడా గీశాను.

అప్పుడు, అలవాటు కొద్దీ,
ఇల్మో సప్రెసర్‌ని కంటికి ఆనించి
వెలుతురుకేసి పట్టాను.
అటు చివర చిన్న వెలుగు చుక్క.
మరీ చిన్నది.

ఇల్మో కాల్చింది ఆరున్నర.
తాహ్వో తూటా ఏడుకి పైన.
గంటసేపు మర గురించి వాదించుకున్నాం,
కంత చూడలేదు.
తప్పు నాదే. ముందు చూడాల్సింది అదే.

చెప్పాను.
ఎడమ చెవి వినపడదు, కుడివైపుకి వచ్చి మళ్లీ చెప్పాను.

"నా చెవుల కోసం కాదులే" అన్నాడు చివరికి.
"పోయినేడు దాని తలమీదుగా కాల్చాను.
కారు కిందకి దూరి చీకటిపడేదాకా రాలేదు.
సరే, కొత్తదే కొంటాను.
మర మాత్రం పదిహేనే పెట్టు.
అదైనా ఇల్మోదిలా ఉండనీ."

నాకు ఒళ్లు జలదరించింది.
ఒక తెల్లవారుజామున, మసక వెలుతురులో,
చలికి మొద్దుబారిన వేళ్లకి
ఇది తగులుతుంది.
మర చక్కగా పడుతుంది,
చివరిదాకా తిరుగుతుంది,
ఏ తేడా తెలియదు,
తూటా బయల్దేరేదాకా.

"పద్నాలుగు" అన్నాను.
"ఇది దానికి ఎప్పటికీ సరిపోకూడదు. అందుకే."

హల్లా ఒక్కసారి ఆవులించింది.
సుద్ద గీతని తాహ్వో బొటనవేలితో చెరిపేశాడు.

మా భాషలో దీని పేరు చప్పుడు మెత్తబరిచేది, అంతే.
నిశ్శబ్దం ఇస్తానని ఎవరూ బోర్డు రాయించుకోరు.
మూతి దగ్గర పేలుడు తగ్గుతుంది.
గాలిని చీల్చే చప్పుడు తగ్గదు,
అది కొండదాకా పోయి
మరలి వస్తుంది.

ఇసుక క్వారీలో మూడు గుళ్లు కాల్చి చూశాం.
మొదటిదానికి హల్లా పొట్ట నేలకానించింది.
రెండోదానికి ఒక చెవి లేపింది.
మూడోదానికి మా ఇద్దర్నీ వదిలేసి
చప్పుడు తిరిగొచ్చిన వైపు చూస్తూ నిలబడింది.

ఇల్మోది నా అరలో ఉంది,
ఆరున్నర తుపాకి వాళ్లెవరైనా అడిగితే ఇమ్మని సైమి చెప్పింది.
మేజోడు మాత్రం తాహ్వో తీసుకెళ్లాడు.
ఇంకా వెచ్చగా ఉన్న కొత్తదాన్ని అందులోకి దూర్చి
మడమ దాకా లాగాడు.
అది సరిపోయింది.