ఈ నెల చిలపలు

పొద్దున మాత్ర. రాత్రి మాత్ర.
శ్రీకాకుళంలో కాయితమ్మీద గీసిచ్చారు నా గుండెని:
కోడి కెలికిన కళ్లం.

వాలుగ దవడతో పత్తి దువ్వుతుంటే
పన్నొకటి వేల్లో దిగింది.
నెత్తురు పలచన చేసే మందు గదా,
మధ్యాన్నందాకా ఆగలేదు.
దువ్విన పత్తంతా పారేశాను.

"తగ్గిందేటి, దాలమ్మత్తా?"
పక్క రాట్నం నుంచి అసిరితల్లి.
కొంచెం, అన్నాను.
కొంచెమంటే, మూడు మెట్లకి బదులు
ఐదెక్కి కూచోడం.

రాత్రి రెండింటికి లేపుతాది,
తలుపు కొట్టి పారిపోయే పిల్లడిలా.
లేచి లెక్కపెడతాను. లెక్క తప్పుతాది.

పొందూర్లో, రాట్నం దగ్గరా అంతే.
అది ఉలిక్కిపడితే
చెయ్యాగుతాది, పోగు తెగుతాది.
తిట్టను. రెండు కొసలూ నులిమి
మళ్ళీ తిప్పుతాను.
నేతకెళ్ళాక అతుకు కనబడదంట.

ఈ నెల చిలపలు పదకొండే.
రాసుకోమన్నాను.