ఎడమ చేతికి ఎరుపు

ఎడమ చేతికి ఎర్ర పట్టీ, కుడి చేతికి నీలం.
ఈ రెండూ తొడిగాక నాకు ఊరు లేదు, చుట్టం లేడు.
ఉన్న నోరల్లా ఈలే.

గాజువాకలో ఆదివారం.
రేకుల షెడ్డు, పసుపు మ్యాటు, ఉక్కపోత.
సముద్రం ఇక్కడికి గాలి పంపదు,
ఉప్పు మాత్రం పంపుతుంది.
ముప్పై ఎనిమిది కిలోల కుర్రాళ్ళు
నిన్న సాయంత్రం నుంచీ గుక్కలు లెక్కపెట్టుకు తాగి
తూకం దిగాక
అరటిపండు తొక్క కూడా వాసన చూశారు.

ఎరుపు: జాలారిపేట, మైలపల్లి ధనుష్.
నీలం: ఉక్కునగరం, పూడి నిఖిలేష్.
మీసం జాడైనా లేని ఇద్దరు
ఒకడి మెడ మీద ఒకడు ఊపిరి పీలుస్తున్నారు.

"కాలట్టుకోరా! కాలు! సచ్చినోడా, కాలూ!"
ధనుష్ నాన్న. ఇయ్యాల వేట మానుకుని వచ్చాడు.
కెరటాల మీంచి అవతలి పడవకి వినబడే గొంతు అది.
నాలుగు గోడల మధ్య దానికి చోటు చాల్లేదు.

ఇటు మూల గంగాధర్ మాష్టారు.
పతకాలొస్తేనే వచ్చే ఏడు కూడా ఈయన కోచ్.
"నీకు పెట్టిన గుడ్లన్నీ దండగరా!"
అంటున్నాడు, పైన ఉన్నవాడితోనే.

కిందపడ్డ కుర్రాడు
మీదున్నవాణ్ణి చూడడు.
గోడవైపు, కుర్చీవైపు, నాన్నవైపు చూస్తాడు.
భుజాలు రెండూ నేలకంటాయా లేదా
అదీ నేను చూడాల్సింది.
మోకాళ్ళ మీద వంగి వంగి ఇన్నేళ్ళు
ఈ కళ్ళెటు తిరుగుతాయో చూడ్డం
ఎప్పుడు అలవాటైందో.

నీలానికి రెండు పాయింట్లిచ్చాను.
నీళ్ళ సీసా వచ్చి పడింది, మూత లేకుండా.
"ఎంత తిన్నావురా?"
పొద్దున్న రెండిడ్లీ తిన్నాను. చెప్పలేదు.

చెప్పులతో మ్యాటెక్కాడు తండ్రి.
వంగి దణ్ణం పెట్టుకుని గానీ కాలు మోపని కొడుకు
ఆ చెప్పులకేసే చూస్తున్నాడు.
మాష్టారు కుర్చీ తన్ని లేచాడు.
కాలరు, కాలరు, ఓ బొత్తాం,
అమ్మల్నీ అక్కల్నీ కలిపిన నాలుగు మాటలు,
మధ్యలో దూరిన కానిస్టేబులు టోపీ.

వాళ్ళలా ఉండగా,
నిఖిలేష్ ముక్కులోంచి నెత్తురు.
బల్ల మీది దూది చించి వత్తి చేసి
"పైకెత్తకు, కిందికొంచు, గొంతులోకెళ్ళిపోద్ది"
అంటున్నాడు ధనుష్, చాలా మామూలుగా,
ఇంట్లో ఇలాంటివి చేసి అలవాటున్నట్టు.

మిగిలిన పదకొండు సెకన్లూ ఆడించాను.
ఎవరూ ఎవర్నీ గట్టిగా పట్టుకోలేదు.

మధ్యకి వచ్చి చెరో చెయ్యీ పట్టుకున్నాను.
నీలం గెలిచింది, నీలం చెయ్యెత్తాలి.
ఎత్తబోయాను.
గెలిచినవాడు
కళ్ళు మూసుకుని తల పక్కకి తప్పించాడు.

అనకాపల్లి పోటీల్లో అందరి ముందూ
మా పైడిరాజుని ఒక్కటి పీకాను.
ఒక్కటే.
వాడికిప్పుడు గోపాలపట్నంలో టైర్ల కొట్టు, ఇద్దరు పిల్లలు.
అటక మీది గొడుగు కోసం నేను చెయ్యెత్తితే
ఇప్పటికీ వాడి మెడ అంగుళం కిందికి దిగుతుంది.
గొడుగు వాడే తీసిస్తాడు.
వాన గురించి మాట్లాడుకుంటాం.

ఓడినవాడు అవతలి కోచ్‌కి చెయ్యివ్వాలి. రూలు.
ధనుష్ వెళ్ళాడు.
మాష్టారు గుమ్మం బయట ఎవరి చేతుల్లోనో గింజుకుంటున్నాడు.
పడి ఉన్న ప్లాస్టిక్ కుర్చీని లేపి నిలబెట్టి
కాసేపు ఆగి
దాని చేతిని ఒకసారి తాకి వచ్చేశాడు.

రవణమ్మ గుడ్డ తెచ్చింది.
నెత్తురు ఒక్క తుడుపుకే పోయింది.
చెప్పులతో వచ్చిన ఇసక
ఎంత దులిపినా అరచేతులకి గరగరలాడుతూనే ఉంది.

ఈల చొక్కాకి తుడుచుకున్నాను.
నలభై ఒకటి కిలోలు.
ఎరుపెవరు?
రా నాన్నా, రా.
చెయ్యెత్తి పిలవలేదు.