ఆయ్

అమలాపురం. క్యాజువాలిటీ పైన, మేడ మీది గది.
ఫ్యాను గాలికి గోడమీది కేలెండరు
అక్టోబరును ఎత్తి చూపించి మళ్ళీ దించుతోంది.
పదకొండు మందిమి. ఎదురెదురుగా రెండు కుర్చీలు.
మూడోది ఖాళీ,
అది మంచం అనుకోమన్నారు హేమనళిని గారు.

రాత్రంతా కూర్చుని రాసుకున్న మాట ఒకటుంది నా దగ్గర:
"లాకులెత్తితే నీళ్ళు శివారు చేలకి పోతాయి కదమ్మా, అలాగే..."
ఆవిడ చదివి, మడిచి, నా చేతికే ఇచ్చేశారు.
"బాగుంది. ఆ గదిలో మాత్రం వద్దు.
వాళ్ళ పిల్లాణ్ణి కాలవ చెయ్యకు."

ముందు, చనిపోయాడని చెప్పాలి.
"పోయాడు" అనకూడదు. ఎక్కడికి, అంటారు.
"దక్కడు" అంటే ముడుపు కడతారు.
"మెషీను మీద ఉన్నాడు" అంటే
ఉన్నాడు, అంతవరకే వింటారు.
ఛాతీ లేచి పడుతుంటే, అరికాలు వెచ్చగా తగులుతుంటే
ఆ ఒక్క మాటకి నోరు తిరగదు.
అందుకని పదకొండు మందిమీ గట్టిగా అన్నాం,
ఎక్కం అప్పజెప్పినట్టు: చనిపోయాడు, చనిపోయాడు.
కింద మందుల లైన్లో ఎవరో తలెత్తి చూశారు.

తండ్రి వేషం స్ట్రెచరు నూకరాజుకి పడింది.
ట్రైనింగుకి రాలేదు అతను, టీ తెచ్చాడు.
కూర్చోమంటే కూర్చున్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని.

"ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేశారండీ."
"ఆయ్."
"మెదడు పూర్తిగా ఆగిపోయిందండీ. ఇక తిరిగి రాదు."
"ఆయ్."
"మీ అబ్బాయి చనిపోయాడండీ."
"ఆయ్."

ఇంత సులువా అనుకుని రెండో కాగితం తీశాను,
కిడ్నీలు, కాలేయం, కళ్ళు.
హేమనళిని గారు చెయ్యి అడ్డం పెట్టారు.
"మాది కడప. మీ ఆయ్ నా చెవికి ఇంకా కొత్తే,
అందుకే వినబడింది.
అది ఒప్పుకోవడం కాదమ్మా, మర్యాద.
ఆగు."

"ఎంతసేపు మేడమ్?"
"ఆయన అడిగేదాకా."

టీ మీద మీగడ కట్టింది.
నూకరాజు ఖాళీ కుర్చీని చూస్తూనే ఉన్నాడు.
తర్వాత, కాగితంలో లేనిది అడిగాడు:
"మా ఓడి ఫోను మీకాడుందంట కదండి.
మోగుతుంటే ఎత్తచ్చాండి?"

నటించాడో లేదో ఎవరికీ తెలీలేదు.
బెల్టు, ఒంటి చెప్పు, పగిలిన ఫోను వేసిన కవర్లు
పదహారేళ్ళుగా మోస్తున్నవాడు.
నోట్సులో ఆ ప్రశ్న రాసుకున్నాను. కింద ఖాళీ వదిలాను.

దీపావళి వెళ్ళిన మూడో రోజు,
బొబ్బర్లంక మలుపులో బండి జారిన కుర్రాడు.
తల్లి ఓడలరేవు నుంచి వచ్చింది,
చేతులింకా రొయ్యల మేత వాసన.
వరండాలో కాదు, తలుపున్న గదిలో కూర్చోబెట్టాను.
చనిపోయాడు అన్నాను. గొంతు వణికింది, మాట మార్చలేదు.
ఫోను ముందే ఆమె ఒళ్ళో పెట్టాను.
రెండుసార్లు మోగింది. ఇద్దరం చూశాం.
చాలాసేపటికి, "ఇప్పుడేం చేత్తారండి" అంది.
అప్పుడు చెప్పాను, అన్నీ, పేరుపేరునా.

కొంగు వేలికి చుట్టుకుంది. విప్పింది.
"వద్దండి" అంది.

"ఆయ్" అన్నాను.

ఫోనులో ఛార్జింగు అయిపోవస్తోంది.
ఛార్జరు వెతకడానికి లేచాను.